‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’: నిండింది సర్వరా, ప్రాసెసా?

షేర్డ్ హోస్టింగ్ సర్వర్లలో, అంటే చాలామంది కస్టమర్ల సైట్లు ఒకే మెషీన్ మీద నడిచే చోట, ఒక్కోసారి వింత ఫిర్యాదు వస్తుంది. నిన్నటిదాకా బాగా నడిచిన సైటు ఉన్నట్టుండి 403 ఫర్బిడెన్ అంటుంది. పర్మిషన్లు చూస్తే సరిగ్గానే ఉంటాయి, ఎవరూ ఏమీ మార్చలేదు. రిఫ్రెష్ కొడితే ఒకసారి పేజీ వస్తుంది, ఇంకోసారి కొడితే మళ్లీ 403. సపోర్ట్‌లో ఉన్నవాళ్లు ఫోల్డర్‌కో నియమాలు రాసుకునే హెచ్‌టీయాక్సెస్ ఫైలు తిరగేసి, 644, 755 అని పర్మిషన్లు మళ్లీ పెట్టి, అరగంట తర్వాత ‘ఇప్పుడు చూడండి’ అంటారు. ఈలోగా రద్దీ తగ్గితే సైటు దానంతట అదే వచ్చేస్తుంది. పేరు మాత్రం పర్మిషన్లకు దక్కుతుంది.

అసలు సంగతి అపాచీ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ రాసే ఎర్రర్ లాగ్‌లో ఉంటుంది. హెచ్‌టీయాక్సెస్ ఫైలును చూడలేకపోయాననీ, అది చదవడానికి వీలుగా ఉందో లేదో సరిచూసుకోమనీ అపాచీ ఒక లైను రాస్తుంది. ఆ లైనులో 13 అనే అంకె ఉంటే అది నిజంగానే పర్మిషన్ల గొడవ. 24 ఉంటే కాదు. లైనక్స్ లెక్కలో 24 అంటే ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’. అపాచీ రెండింటికీ అదే వాక్యం రాసి అదే 403 పంపుతుంది. హెచ్‌టీయాక్సెస్ లేదని కచ్చితంగా తేలితే సరే, ఉందో లేదో తెలియనప్పుడు మాత్రం ఎవరినీ లోపలికి రానివ్వకపోవడమే క్షేమం అన్నది దాని లెక్క. ఆ ఫైల్లో ఏ పాస్‌వర్డ్ రక్షణ ఉందో ఎవరికి తెలుసు? భద్రత కోసం సరైన పనే, కానీ అర్ధరాత్రి టికెట్ చూసే మనిషిని దారి తప్పిస్తుంది.

24 అని తెలిశాక జరిగేది కూడా ఊహించగలిగినదే. ఎవరో ఒక కమాండ్ వెతికి తెచ్చి పరిమితిని 65,535 చేస్తారు. కొన్నాళ్లు బాగుంటుంది. సర్వర్ రీబూట్ అయ్యాక కథ మళ్లీ మొదటికి వస్తుంది. ఈ సమస్యలో అంకె పెంచడం చిట్టచివరి పని. తగిలింది ఏ పరిమితి, అది ఎవరిది అన్నది ముందు తేలాలి.

ఫైళ్లు కాని ఫైళ్లు

ఒక ప్రాసెస్ (నడుస్తున్న ప్రోగ్రామ్) ఏదైనా తెరిచినప్పుడు కెర్నల్, అంటే లైనక్స్ గుండెకాయ, దానికి ఒక చిన్న అంకె ఇస్తుంది. అదే ఫైల్ డిస్క్రిప్టర్. సర్వర్ల దగ్గర పనిచేసేవాళ్లు ఎఫ్‌డీ అనేస్తారు. 0, 1, 2 మామూలుగా ముందే పోతాయి: ఇన్‌పుట్, అవుట్‌పుట్, ఎర్రర్. ఆ తర్వాత ఏది తెరిచినా, ఖాళీగా ఉన్న అంకెల్లో అతి చిన్నది దొరుకుతుంది. పేరుకి ఫైలే గానీ, బ్రౌజర్ నుంచి వచ్చిన కనెక్షన్ ఒక ఎఫ్‌డీ, డేటాబేస్‌కి వెళ్లే సాకెట్ ఇంకో ఎఫ్‌డీ, రెండు ప్రాసెస్‌లను కలిపే పైపు అయితే రెండు చివరలకీ రెండు. డిస్క్ మీద ఎన్ని ఫైళ్లు పడి ఉన్నాయన్నదానికీ దీనికీ సంబంధం లేదు. హోస్టింగ్ ప్లాన్లలో ‘ఐనోడ్ లిమిట్’ అని కనిపించేది దాచుకున్న ఫైళ్ల సంఖ్య గురించి. ఈ రెండింటినీ కలిపేసి, పాత బ్యాకప్‌లు డిలీట్ చేయమని కస్టమర్‌కు సలహా ఇస్తే ఖాళీ అయ్యేది డిస్కే, 24 మాత్రం అక్కడే ఉంటుంది.

పైకప్పు రెండు చోట్ల ఉంది. ఒకటి మొత్తం మెషీన్‌కి, ఫైల్ మ్యాక్స్. అది తగిలితే వచ్చే ఎర్రర్ 23, ‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్ ఇన్ సిస్టమ్’. చివరి రెండు మాటలు గమనించకపోతే రోగం ఒకటి, మందు ఒకటి అవుతుంది. కెర్నల్ తనంతట తాను ర్యామ్‌లో పదో వంతు తీసుకుని, ఫైలుకు ఒక కిలోబైట్ చొప్పున లెక్కేసి ఈ అంకె పెడుతుంది. 32 జీబీ మెషీన్‌కి సుమారు 33 లక్షలు. పైగా 2018 డిసెంబర్‌లో వచ్చిన సిస్టమ్‌డీ (లైనక్స్‌లో సర్వీసులను లేపి నడిపే ప్రోగ్రామ్) 240వ వెర్షన్ దీన్ని దాదాపు హద్దు లేనంతకు తీసుకెళ్లింది. అందుకే ఇప్పటి సర్వర్లలో 23 కనబడటం అరుదు. ఎప్పుడు చూసినా తగిలేది రెండో పైకప్పు, ఒక్కో ప్రాసెస్‌కి ఉండేది. అందులో మళ్లీ సాఫ్ట్, హార్డ్ అని రెండంకెలు. అమల్లో ఉండేది సాఫ్ట్. ప్రాసెస్ దాన్ని ఎవరినీ అడగకుండా హార్డ్ దాకా పెంచుకోవచ్చు, హార్డ్‌ను దాటాలంటే రూట్ అధికారం కావాలి. సిస్టమ్‌డీ 240 హార్డ్‌ను 5,24,288కి పెంచేసింది. సాఫ్ట్‌ను మాత్రం 1,024 దగ్గరే వదిలేసింది.

అంత ఉదారంగా హార్డ్ ఇచ్చినవాళ్లు సాఫ్ట్ దగ్గర చేయి బిగబట్టడానికి కారణం సెలెక్ట్ అనే పాత సిస్టమ్ కాల్. ఏ కనెక్షన్‌లో డేటా వచ్చిందో కనుక్కోవడానికి అది ఎఫ్‌డీకి ఒక బిట్ చొప్పున పట్టిక వాడుతుంది. ఆ పట్టిక పొడవు 1,024 బిట్లు, కంపైల్ అయినప్పుడే ఖాయం. 1,024 లేదా ఆ పైన అంకె ఉన్న ఎఫ్‌డీని అందులో పెట్టబోతే పట్టిక దాటి పక్క మెమరీ మీద రాస్తుంది. ఎర్రర్ కూడా రాదు, ఎక్కడో ఏదో పాడవుతుంది. ఈపోల్ లాంటి కొత్త పద్ధతులకు ఈ బాధ లేదు. కాబట్టి సెలెక్ట్ వాడని ప్రోగ్రామ్‌లు తామే సాఫ్ట్‌ను పెంచుకోవాలి, వాడే పాతవి 1,024 లోపే క్షేమంగా ఉండాలి అన్నది ఆ ఏర్పాటు. అంటే 1,024 పిసినారితనంతో పెట్టిన అంకె కాదు. సర్వర్‌లో ఉన్నవాటన్నిటికీ ఒకేసారి లక్ష ఇచ్చేయడం తెలివైన పని ఎందుకు కాదో ఇక్కడే ఉంది.

ఆరు వందల సైట్లు, పన్నెండు వందల లాగ్‌లు

షేర్డ్ హోస్టింగ్‌లో ఈ సమస్య ట్రాఫిక్ లేకుండానే రావచ్చు. అపాచీలో ఒక్కో వర్చువల్ హోస్ట్‌కి (అంటే ఒక్కో సైటుకి) సొంత యాక్సెస్ లాగ్, సొంత ఎర్రర్ లాగ్ పెట్టడం మామూలే. 600 సైట్లున్న సర్వర్‌లో అవి 1,200. బ్యాండ్‌విడ్త్ లెక్క కోసం ఇంకో లాగ్ పెట్టే కంట్రోల్ ప్యానెల్స్‌లో ఇంకా ఎక్కువ. అపాచీ మొదలవుతూనే వాటన్నిటినీ తెరిచి, మూయకుండా పట్టుకుని కూర్చుంటుంది. పరిమితి 1,024 అయితే ఒక్క విజిటర్ రాకముందే అది నిండిపోతుంది. కొత్త కస్టమర్‌ను చేర్చిన రాత్రి అపాచీ రీస్టార్ట్ అయి మళ్లీ లేవకపోవడానికి ఇదొక కారణం. నేరం కొత్త సైటుది కాదు, అది చివరి చుక్క మాత్రమే.

ఈ లాగ్‌లను మాస్టర్ ప్రాసెస్ తెరుస్తుంది, పిల్ల ప్రాసెస్‌లు ఫోర్క్‌తో (తల్లి నకలుగా పుట్టడంతో) వారసత్వంగా తెచ్చుకుంటాయి. 150 పిల్లలుంటే ప్రతి ఒక్కదాని పట్టికలోనూ ఆ 1,200 అంకెలుంటాయి. కానీ వాటి వెనక కెర్నల్‌లో ఉండే అసలు వస్తువు ఒక్కటే, అందరూ దాన్నే పంచుకుంటారు. అందుకే ప్రాసెస్ పరిమితి ప్రతి పిల్లకీ తగులుతుంది, మెషీన్ మొత్తం లెక్కలో మాత్రం అవి 1,200 గానే ఉంటాయి. తెరిచిన ఫైళ్ల జాబితా ఇచ్చే ఎల్‌ఎస్‌ఓఎఫ్ కమాండ్ కొట్టి లైన్లు లెక్కపెట్టేవాళ్లు ఇక్కడే టెన్షన్ పడతారు. దానిలో ఇవి 1,80,000 లైన్లుగా కనిపిస్తాయి. పైగా మెమరీలోకి మ్యాప్ అయిన లైబ్రరీలు, ప్రాసెస్ నిలబడి ఉన్న డైరెక్టరీ కూడా ఆ లైన్లలో కలిసిపోతాయి, అవేవీ ఎఫ్‌డీలు కావు. సరైన లెక్కకు రెండే చోట్లు. ఒక ప్రాసెస్‌కైతే, కెర్నల్ తన సమాచారం చూపించే ప్రాక్ డైరెక్టరీలో దాని నంబరు కింద ఉండే ఎఫ్‌డీ ఫోల్డర్, మెషీన్‌కైతే ఫైల్ ఎన్‌ఆర్ అనే ఫైల్లోని మొదటి అంకె.

ఇంకో చిక్కు దీని వెనకే నక్కి ఉంటుంది. పీహెచ్‌పీని అపాచీలోనే మాడ్యూల్‌గా నడిపే పాత ఏర్పాటులో, లాగ్‌ల కోసం పరిమితి పెంచి అపాచీని లేపారనుకుందాం. చిన్న అంకెలన్నీ లాగ్‌లు తినేశాయి. పీహెచ్‌పీ స్క్రిప్ట్ కొత్తగా సాకెట్ తెరిస్తే దానికి దొరికేది 1,200 పైన అంకె. ఆ స్క్రిప్ట్ సెలెక్ట్‌నే పిలిచే స్ట్రీమ్ సెలెక్ట్ ఫంక్షన్ వాడితే పైన చెప్పిన 1,024 గోడకు గుద్దుకుంటుంది. పీహెచ్‌పీ కనీసం మెమరీ పాడు చేయకుండా ఆగి, ఎఫ్‌డీ సెట్‌సైజ్ (ఆ పట్టిక పొడవు) పెంచి తనను మళ్లీ కంపైల్ చేయమని వార్నింగ్ ఇస్తుంది. కస్టమర్ దృష్టిలో మాత్రం నిన్నటిదాకా పనిచేసిన కోడ్ ఇవాళ పనిచేయడం లేదు. ఒక గోడ ఎత్తు పెంచితే వెనకున్న గోడ కనబడింది, అంతే.

దీనికి సరైన మందు పరిమితి పెంచడం కన్నా లాగ్‌లు తగ్గించడమే. అన్ని సైట్లకూ ఒకే లాగ్ పెట్టి, ప్రతి లైనులో సైటు పేరు రాయించి, తర్వాత విడగొట్టుకోమని అపాచీ డాక్యుమెంటేషనే చెబుతుంది, అందుకు ఒక చిన్న స్క్రిప్ట్ కూడా ఇస్తుంది. సీప్యానెల్ అనే కంట్రోల్ ప్యానెల్‌లో ఉండే పైప్డ్ లాగింగ్ కూడా ఈ దారే: వందల ఫైళ్ల బదులు అపాచీ ఒక పైపులోకి రాస్తుంది, అవతల విడదీసే ప్రోగ్రామ్ పంచి పెడుతుంది. పని అంతే ఉంటుంది, భారం మోసే చోటు మారుతుంది. షేర్డ్ సర్వర్‌కి అదే కావాలి.

431 అనే అంకె

డేటాబేస్ సర్వర్ మైఎస్‌క్యూఎల్ తీరు వేరు. అడిగినన్ని ఎఫ్‌డీలు దొరకకపోతే అది ఆగిపోదు, గొడవ చేయదు, సర్దుకుపోతుంది. మొదలయ్యేటప్పుడు తనకు అనుమతించిన కనెక్షన్లకూ, టేబుల్ క్యాష్‌కి (తెరిచి ఉంచుకునే టేబుళ్ల సంఖ్యకి) రెండింతలకూ, మరో పదికీ సరిపడా ఎఫ్‌డీలు కావాలని లెక్కేస్తుంది. 1,024 మాత్రమే దొరికితే మిగిలినదాన్ని బట్టి టేబుల్ క్యాష్‌ను కుదించుకుంటుంది. కనెక్షన్ల డిఫాల్ట్ 151. అంటే 1,024 లోంచి 10, 151 తీసేసి, సగం చేస్తే 431. మైఎస్‌క్యూఎల్ లాగ్‌లో టేబుల్ ఓపెన్ క్యాష్ 2,000 అడిగితే 431 అయిందని చెప్పే లైను చూడని హోస్టింగ్ అడ్మిన్లు తక్కువ. చూసి పట్టించుకున్నవాళ్లు ఇంకా తక్కువ, ఎందుకంటే అది వార్నింగే, సర్వర్ నడుస్తూనే ఉంటుంది.

షేర్డ్ సర్వర్‌లో 431 ఎంత చిన్నదో చూడాలంటే వర్డ్‌ప్రెస్ చాలు. ప్లగిన్లు లేకుండానే ఒక సైటుకు 12 టేబుళ్లు. ఒకే టేబుల్‌ను రెండు కనెక్షన్లు వాడితే క్యాష్‌లో రెండు చోట్లు పడతాయి. నలభై సైట్లు ఒకేసారి కదిలితే 480 దాటుతుంది. అప్పటినుంచి మైఎస్‌క్యూఎల్ ఒక టేబుల్ మూసి ఇంకోటి తెరవడంలోనే కాలం గడుపుతుంది. ఎర్రర్ లేదు, అన్నీ నెమ్మది. కస్టమర్లు ‘సర్వర్ స్లో’ అంటారు, హోస్టింగ్ వాళ్లు ‘మీ ప్లగిన్లు ఎక్కువ’ అంటారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది, కారణం మాత్రం రెండింటిలోనూ లేదు.

రాత్రి బ్యాకప్ ఇంకో సందర్భం. మైఎస్‌క్యూఎల్ డంప్ మామూలుగా ఒక డేటాబేస్‌లోని టేబుళ్లన్నిటినీ ఒకేసారి లాక్ చేస్తుంది, లాక్ చేయాలంటే తెరవాలి. వందల టేబుళ్లున్న డేటాబేస్ దగ్గర 24 వచ్చి బ్యాకప్ సగంలో ఆగుతుంది. ఇన్నోడీబీ అనే కొత్త రకం టేబుళ్లయితే సింగిల్ ట్రాన్సాక్షన్ ఆప్షన్‌తో ఆ లాక్ అవసరమే ఉండదు. మైఐసామ్ అనే పాత రకం టేబుళ్లు ఇంకా ఉన్న పాత సర్వర్లలో సమస్య ముదురుతుంది. ఆ టేబుల్‌ను మొదటిసారి తెరిస్తే డేటాకి ఒకటి, ఇండెక్స్‌కి ఒకటి, ఆపైన ప్రతి కొత్త వాడకానికీ డేటాకి ఇంకొకటి. ఇన్నోడీబీకి మారడం వల్ల వచ్చే లాభాల్లో ఇదొకటి, దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు.

ఎంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ముందు నిలబడి వెనక్కి పంపే ఏర్పాటులో ఒక్కో విజిటర్‌కి రెండు ఎఫ్‌డీలు: బ్రౌజర్ వైపు ఒకటి, వెనక సర్వర్ వైపు ఒకటి. 1,024 ఉంటే ఐదు వందల మంది దగ్గరే నిండుతుంది. దాని కాన్ఫిగ్‌లోనే ఎఫ్‌డీ పరిమితి పెట్టుకునే లైను ఉంది, కాన్ఫిగ్‌లో రాసిన కనెక్షన్ల సంఖ్య ఆ పరిమితిని మించితే మొదలయ్యేటప్పుడే హెచ్చరిస్తుంది కూడా. పీహెచ్‌పీని విడి ప్రాసెస్‌లుగా నడిపే పీహెచ్‌పీ ఎఫ్‌పీఎమ్‌లో కస్టమర్‌కో పూల్ (ప్రాసెస్‌ల గుంపు) పెడితే, ఖాళీగా ఉన్నా సరే పూల్‌కో సాకెట్‌ను మాస్టర్ తెరిచి ఉంచుతుంది. యాక్సెస్ లాగ్ పెడితే అదొకటి అదనం.

రీబూట్‌తో ఎగిరిపోయే పరిమితి

65,535 పెట్టినా ఎందుకు నిలవలేదు? పరిమితి ఫైల్లో రాసి ఉండే రూల్ కాదు, తల్లి ప్రాసెస్ నుంచి పిల్లకు దిగే వారసత్వం. లిమిట్స్ డాట్ కాన్ఫ్ అనే ఫైల్లో రాసినది లాగిన్‌లను సరిచూసే పామ్ ద్వారా లాగిన్ అయ్యేవాళ్లకే వర్తిస్తుంది. సర్వర్ బూట్ అయినప్పుడు అపాచీని లేపేది సిస్టమ్‌డీ, అది లాగిన్ కాదు, ఆ ఫైలును చూడదు. దానికి సర్వీస్ యూనిట్‌లోనే లిమిట్ నోఫైల్ అని రాయాలి. సిస్టమ్‌డీ రాకముందు పాత సెంట్‌ఓఎస్ రోజుల్లో ఇది మరీ కన్ఫ్యూజన్: అడ్మిన్ ఎస్‌ఎస్‌హెచ్‌లోంచి సర్వీస్ రీస్టార్ట్ చేస్తే అది ఆ షెల్ పరిమితిని తెచ్చుకునేది, అంతా బాగుండేది. మళ్లీ రీబూట్ అయితే, బూట్‌లో అన్నిటికన్నా ముందు లేచే ఇనిట్ ఇచ్చిన పాత అంకె. సమస్య బాగుచేసిన మనిషి లాగౌట్ అయి ఉంటాడు, పరిష్కారమూ అతనితోనే వెళ్లిపోయినట్టుండేది.

ఆ ఫైల్లో నక్షత్రం గుర్తు పెట్టి రాసిన పరిమితి రూట్‌కి వర్తించదన్నది ఇంకో మెలిక. కెర్నల్ ఎన్‌ఆర్ ఓపెన్ అనే అంకె ఒకటి ఉంటుంది, డిఫాల్ట్‌గా 10,48,576. ఏ ప్రాసెస్ హార్డ్ పరిమితీ దాన్ని దాటలేదు. అంతకు మించి రాస్తే పరిమితి పెట్టలేక పామ్ లాగిన్‌నే తిరస్కరించవచ్చు. ఉన్న ఎస్‌ఎస్‌హెచ్ సెషన్ మూయకుండా, ఇంకో కిటికీలో కొత్తగా లాగిన్ అయి చూసుకునే అలవాటు ఇలాంటప్పుడు కాపాడుతుంది.

రాసింది వర్తించిందా లేదా అన్నది కాన్ఫిగ్ ఫైల్లో కాదు, నడుస్తున్న ప్రాసెస్‌లో చూడాలి. ప్రాక్ కింద ఆ ప్రాసెస్ నంబరులో లిమిట్స్ అనే ఫైలుంటుంది, అదే నిజం. అపాచీకి పిల్లల్ని మాత్రమే మార్చే గ్రేస్‌ఫుల్ రీస్టార్ట్ సరిపోదు, మాస్టర్ అదే ఉంటుంది కాబట్టి పరిమితీ అదే ఉంటుంది. పూర్తిగా ఆపి మొదలుపెట్టాలి. రద్దీ వేళ ఆపలేకపోతే పీఆర్‌లిమిట్ కమాండ్‌తో నడుస్తున్న మాస్టర్‌కే అంకె మార్చి, తర్వాత గ్రేస్‌ఫుల్ ఇస్తే కొత్త పిల్లలకు కొత్త పరిమితి దిగుతుంది. మైఎస్‌క్యూఎల్‌కి ఈ చిట్కా ఒక్కటే చాలదు, దాని క్యాష్ సైజు మొదట్లోనే తేలిపోయింది.

అదే మాట, వేరే పరిమితి

‘టూ మెనీ ఓపెన్ ఫైల్స్’ అన్న ప్రతిసారీ ఎఫ్‌డీ పరిమితే అనుకుంటే పొరపాటు. ఫైళ్లలో మార్పులు కనిపెట్టే ఐనోటిఫై అనే సదుపాయానికి వేరే లెక్క ఉంది, ఒక్కో యూజర్‌కి ఇన్ని అని. కెర్నల్ డిఫాల్ట్ 128. అది దాటినా వచ్చేది అదే 24. డవ్‌కాట్ మెయిల్ సర్వర్ ఐనోటిఫైతోనే కొత్త మెయిల్ వచ్చిందని ఫోన్లకు చెబుతుంది. ఒకే హోస్టింగ్ అకౌంట్ కింద యాభై మంది ఉద్యోగుల మెయిళ్లు, ప్రతి ఒక్కరికీ ఫోను, ల్యాప్‌టాప్, అవన్నీ ఒకే సిస్టమ్ యూజర్ పేరుతో నడిస్తే 128 ఎంతసేపు? ఇక్కడ ఎఫ్‌డీలను పది లక్షలు చేసినా లాభం లేదు. డవ్‌కాట్ మాత్రం ఈ విషయంలో బుద్ధిమంతురాలు, ఏ అంకె పెంచాలో లాగ్‌లోనే రాస్తుంది.

మూడో రకం లీక్. తెరిచినవాటిని మూయడం మరచిపోయిన ప్రోగ్రామ్‌కి లక్ష ఇస్తే లక్షా తింటుంది, కాస్త ఆలస్యంగా. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు గానీ, ఈ దొంగ జాడ వదులుతాడు. ఎఫ్‌డీల సంఖ్య రద్దీతో పాటు పెరిగి రద్దీతో పాటు తగ్గితే అది వాడకం. రద్దీ తగ్గినా తగ్గకుండా మెట్లెక్కుతూ పోతే లీక్. సాకెట్లు గుంపులుగా క్లోజ్ వెయిట్ స్థితిలో కనిపిస్తే అవతలివాళ్లు ఫోన్ పెట్టేశారు, ఇవతలి ప్రోగ్రామ్ ఇంకా రిసీవర్ చెవికి ఆనించుకునే ఉందన్నమాట. అలాంటిచోట పరిమితి పెంచడం కన్నా తక్కువగా ఉంచడమే నయం, తప్పు తొందరగా బయటపడుతుంది.

ఎవరి వాటా ఎంత

షేర్డ్ హోస్టింగ్‌కి ప్రత్యేకమైన చిక్కు చివరికి ఇది. ఎఫ్‌డీ పరిమితి ప్రాసెస్‌ది, కస్టమర్‌ది కాదు. ఒక కస్టమర్‌కి వంద ప్రాసెస్‌లు నడిపే వీలుంటే, 1,024 చొప్పున అతని అసలు పైకప్పు 1,02,400. ప్రాసెస్‌లను గుంపు కట్టి వాటా వేసే సీగ్రూప్‌లలో మెమరీకి, సీపీయూకి, ప్రాసెస్‌ల సంఖ్యకి కంట్రోలర్లున్నాయి గానీ, ఎఫ్‌డీలకంటూ విడిగా లేదు. తెరిచిన ఫైళ్లకు కెర్నల్ వాడే మెమరీని ఆ కస్టమర్ మెమరీ ఖాతాలో రాయడం ఒక్కటే ఊరట.

కాబట్టి వాటా వేయాల్సింది ప్రాసెస్‌ల దగ్గర. ఎఫ్‌పీఎమ్‌లో పూల్‌కి పది పిల్లలు, పిల్లకి 1,024 ఎఫ్‌డీలు అని రెండూ రాస్తే ఆ కస్టమర్ పీహెచ్‌పీ మొత్తం కలిపి 10,240 దాటదు. షేర్డ్ హోస్టింగ్ కోసం చేసిన క్లౌడ్‌లైనక్స్‌లో ఎంట్రీ ప్రాసెస్‌ల (ఒకేసారి ఆ అకౌంట్‌లోకి వచ్చే ప్రాసెస్‌ల) పరిమితి ఇదే పని ఇంకో గుమ్మం దగ్గర చేస్తుంది. అది నిండితే 508 ఎర్రర్ పేజీ వస్తుంది. 508 వస్తే కస్టమర్‌కి కోపం వస్తుంది, నిజమే. కానీ ఆ పేజీ ఎవరి సైటు నిండిందో వాళ్లకే కనిపిస్తుంది. వాటా వేయని సర్వర్‌లో వచ్చే 403 మాత్రం ఆ గంటలో అపాచీ పిల్ల ఏ సైటు పని మీద ఉందో ఆ సైటుకు తగులుతుంది, ఎఫ్‌డీలు తిన్నవాడి సైటు పక్కనే హాయిగా నడుస్తూ ఉండవచ్చు. చెరువంతా ఒకడు తోడేస్తే చివరి పొలం ఎండినట్టు.

ఇవన్నీ పెట్టాక కనిపెట్టాల్సిన లెక్క కూడా మారుతుంది. చాలా సర్వర్లలో మానిటరింగ్ మెషీన్ మొత్తం ఎఫ్‌డీల సంఖ్యనే గీస్తుంది. లక్షల పైకప్పు కింద వేలల్లో సాగే ఆ గీత ఎప్పుడూ ప్రశాంతంగానే ఉంటుంది, అపాచీ పిల్ల 1,023 దగ్గర నిలబడి ఉన్నప్పుడు కూడా. గీయాల్సింది ప్రతి ముఖ్యమైన ప్రాసెస్ తన సొంత సాఫ్ట్ పరిమితిలో ఎంత శాతం వాడుతోందన్నది: అపాచీ మాస్టర్‌కి, ఎంజిన్‌ఎక్స్ వర్కర్లకి, ఎఫ్‌పీఎమ్ మాస్టర్‌కి, మైఎస్‌క్యూఎల్‌కి విడివిడిగా. మైఎస్‌క్యూఎల్‌కైతే ఇంకొకటి కూడా: ఓపెన్డ్ టేబుల్స్ అనే కౌంటర్ సెకనుకు ఎంత పెరుగుతోందో. సర్వర్ మొదలై గంటలు గడిచినా అది ఆగకుండా పెరుగుతుంటే, లాగ్ పైభాగానికి వెళ్లి ఆ 431 లైను ఉందేమో చూడవచ్చు.